ముందు ఎలక్ట్రాన్ లెక్క తేల్చు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆపకుండా చదివించింది. కానీ ‘యురేనియాన్ని తినేసి రేడియేషన్‌ను మాయం చేసే బ్యాక్టీరియా’ అన్న శీర్షిక మాత్రం తీసెయ్. ఏ సూక్ష్మజీవీ రేడియోధార్మికతను తగ్గించలేదు. అది పరమాణు కేంద్రకం వ్యవహారం. బ్యాక్టీరియా చెయ్యి ఎలక్ట్రాన్ల దాకానే వెళ్తుంది.

అందుకే ఎలక్ట్రాన్ ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరుతోందో ముందు కాగితం మీద గీసుకో. నీ కథలోని బ్యాక్టీరియా జియోబ్యాక్టర్ తినేది అసిటేట్‌ని, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం తాలూకు లవణాన్ని. అందులోంచి లాగిన ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. మనకైతే ఆక్సిజన్ ఉంది. భూమి లోపల దానికి దొరికేది ఇనుము, కొన్నిచోట్ల యురేనియం. +6 స్థితిలో, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని, నీళ్లలో కరిగి పారే యురేనియం ఎలక్ట్రాన్లు అందుకుని +4కి దిగితే, యురేనినైట్ అనే నల్లటి ఖనిజంగా పేరుకుంటుంది. 1991లో సూక్ష్మజీవశాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం చూపించింది ఇదే.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే అసలు కథ ఉంది. యురేనియం బ్యాక్టీరియాకీ విషమే. యురేనియం-238 అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, దాదాపు 447 కోట్ల ఏళ్లు. అంత నిదానంగా క్షీణించేదాని రేడియేషన్ కంటే దాని రసాయన గుణమే కణానికి ముందు ముప్పు: ఫాస్ఫేట్లనీ ప్రోటీన్లనీ పట్టుకుంటుంది. జియోబ్యాక్టర్ తన ఒంటి మీది సన్నని పోగులతో యురేనియానికి ఎలక్ట్రాన్లు అందించే పనిని చాలావరకు బయటే కానిచ్చేస్తుంది. పోగులు లేని రకంలో యురేనియం కణం రెండు పొరల మధ్య పేరుకుని శ్వాసక్రియను దెబ్బతీస్తుందని 2011లో సూక్ష్మజీవశాస్త్రవేత్త గెమ్మా రెగెరా బృందం తేల్చింది. (ఎలక్ట్రాన్లు మోసే పోగులు అసలు దేనితో తయారయ్యాయన్న తగాదా తర్వాత కూడా నడిచింది. ఆ మాటా రాయి.)

రేడియేషన్‌ను తట్టుకునే బ్యాక్టీరియా డైనోకాకస్‌ని మధ్యలో ఎందుకు తెచ్చావు? ముక్కలైన డీఎన్ఏని అతికించుకోవడం వేరే కథ, దానికి వేరే వ్యాసం రాయి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని పేరా కూడా అతికించినట్టే ఉంది. అక్కడ ఖనిజాన్ని క్షారంతో కరిగిస్తారు. ఆ పనిలో సూక్ష్మజీవుల ప్రమేయం లేదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రైఫిల్ ఊరి కథ మాత్రం ఉంచు. పాత యురేనియం మిల్లు దగ్గర భూగర్భజలంలోకి అసిటేట్ ఎక్కిస్తే జియోబ్యాక్టర్ పెరిగింది, నీళ్లలో యురేనియం తగ్గింది. అయితే ఆక్సిజన్ తిరిగొస్తే పేరుకున్నది మళ్లీ కరిగిపోగలదు. ఈ మాట చెబితే కథ పస తగ్గుతుందేమోనని టెన్షన్ పడి చివరికి నెట్టకు, రైఫిల్ పేరు వచ్చిన పేరాలోనే పెట్టు. మార్చింది ఆదివారంలోగా పంపితే చూస్తాను.