డ్యూటీ దిగినా మాపుల లెక్క మీదే టెన్షన్: సమాధానం

రాజమండ్రిలో ఆపరేషన్ థియేటర్ (ఓటీ) డ్యూటీ దిగి, అమలాపురం బస్సు రావులపాలెం దాటినా “మాపుల (ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డలు, లోపల ఉండిపోకుండా లెక్కపెట్టేవి) లెక్క సరిపోయిందా?” అనే గుబులు వదలట్లేదు, మానేద్దామనుకుంటున్నా అన్నారు. మీకు ఓటీ పడక కాదండీ. కేసు (ఆపరేషన్) మధ్యలో డ్యూటీ మనిషి మారినప్పుడు లెక్క నోటిమాటతో చేతులు మారుతున్నట్టుంది. ఎక్కువమంది లెక్కపెట్టడం వదిలేసేది ఇక్కడే.

1. రిలీవర్ (మీ బదులు డ్యూటీ ఎక్కేవారు) రాగానే ఇద్దరూ కలిసి మాపులు, సూదులు, పరికరాలు పైకి వినబడేలా లెక్కపెట్టండి. బోర్డు మీద అంకె, టైము. రికార్డులో ఇద్దరి సంతకాలు. సర్జన్ గారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

2. పొట్ట మూసేముందు, చర్మం కుట్టేముందు మళ్లీ. 2008 నాటి డబ్ల్యూహెచ్‌ఓ సర్జరీ భద్రతా చెక్‌లిస్టులో ‘సైన్ అవుట్’ (పేషెంటు థియేటర్ దాటేముందు చూసుకునే చివరి దశ) దగ్గర ఈ లెక్క ఉంది. అడ్డొస్తే అదే చూపించండి.

3. తేడా వస్తే అక్కడికక్కడే చెప్పండి. వెతికినా దొరక్కపోతే ఎక్స్‌రే.

అప్పటికీ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.