వాడేసిన బొగ్గు ఎక్కడ పెడతావు బుజ్జీ?

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి, బాలానగర్‌లో లోహపు పూతలు వేసే ఒక ప్లేటింగ్ షాపు నీళ్లని బయోచార్‌తో, అదే పత్తి కట్టె కాల్చిన బొగ్గుతో, శుభ్రం చేసే పని ఒప్పుకున్నావట. తను భయపడుతూ చెప్పింది, నేను పొంగిపోతూ విన్నాను. తీరా పడుకున్నాక నాకూ టెన్షన్ పట్టుకుంది, అందుకే తెల్లారకముందే లేచి రాస్తున్నా.

బొగ్గు కాల్చడం గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. పత్తి కట్టె బాగా ఎండనివ్వు, గాలి చొరబడకుండా 500 డిగ్రీల దగ్గర కాల్చు, పూర్తిగా చల్లారేదాకా డ్రమ్ము మూత తీయకు. మూసిన షెడ్డులో మాత్రం కాల్చకు తల్లీ, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బొగ్గుని కడగకుండా వాడితే దాని బూడిదలోని క్షారం పీహెచ్‌ని పెంచేసి లోహాలు మడ్డిలా అడుగుకి దిగుతాయి, నువ్వేమో బొగ్గే పట్టేసిందని మురిసిపోతావు. హెక్సావేలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో బాగా విషమైన రూపం, ఉన్న నీళ్లని వేరుగా చూసుకో, అది నికెల్ అంత తేలిగ్గా బొగ్గుకి చిక్కదు.

నేను తప్పు చేసింది వీటిలో కాదు. నీ వయసులో నేనూ ఇదే పని చేశాను, అప్పట్లో బయోచార్ అనే మాటే వినలేదు, ఊక బొగ్గు అనేవాళ్లం. నీళ్లు తేటగా వచ్చాయని సంబరపడ్డాను. మిగిలిన బొగ్గు రెండు గోనెసంచులు షెడ్డు పక్కన పెడితే, వెనకాల ఆకుకూరలు వేసుకునే ముసలాయన మడికి మంచిదని అడిగాడు. ఇచ్చేశాను. వాసన లేదు, చూడటానికి కడిగిన బొగ్గులానే ఉంది మరి! నెల తిరక్కుండానే ఆయన తడిగుడ్డలో చుట్టి రెండు కట్టల పాలకూర తెచ్చి నా చేతిలో పెట్టాడు. వేళ్లకి నల్లటి పలుకులు అంటుకుని ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు. నీళ్లలోంచి తీసిన నికెల్, కాడ్మియం ఎక్కడికీ పోలేదు, ఆ పలుకుల్లోనే ఉన్నాయి. పాలకూరేమో కాడ్మియాన్ని ఇట్టే లాగేసుకుంటుంది.

పరుగెత్తుకెళ్లి మడి మొత్తం పీకించాను, ఇద్దరం కలిసి జానెడు లోతు మన్ను తవ్వి చీకటి పడేదాకా సంచులకెత్తాం, పంట డబ్బులూ ఇచ్చాను. ఆయన ఒక్క మాట అనలేదు. "ఇప్పటికే మా పిల్లలు తిన్నారు సార్, ఏమన్నా అవుతుందా?" అని మాత్రం అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ పాలకూర కోస్తుంటే ఆ మాటే వినిపిస్తుంది.

అందుకే, మొదటి డ్రమ్ము వెలిగించకముందే వాడేసిన బొగ్గు సంగతి తేల్చుకో. సంచి సంచికీ తూకం వేసి రిజిస్టర్‌లో రాయి, తాళం ఉన్న గదిలో పెట్టు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటు దుండిగల్‌లో ఉంది, అక్కడికే పంపు. ఆ ఖర్చు కొటేషన్‌లోనే కలుపు. షాపువాళ్లు తగ్గించమంటే ఆ పని వదిలేసి వచ్చెయ్, అర్థమైందా? మొక్కలకి మంచిదని ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా సరే.

డ్రమ్ము వెలిగించే రోజు ముందే చెప్పు, ఆరింటికల్లా వచ్చేస్తాను. ఏమీ తినకుండా బయల్దేరతావని తెలుసు, అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది.

మామయ్య