కొళాయికి బోరు నీళ్లు వదులుతున్నారు: మున్సిపాలిటీని ఎక్కడ నిలదీయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో చిన్న మున్సిపాలిటీ. ఏడాదిన్నర కిందటి వరకు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నుంచి సాగర్ నీళ్లు వచ్చేవి. ఇప్పుడు బోరు నీళ్లు వదులుతున్నారు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లగా పేరుకుంటోంది. గీజర్ కాయిల్ కాలిపోయింది. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే లీటరుకు కాఠిన్యం 640, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం ఘనపదార్థాలు) 1480, ఫ్లోరైడ్ 0.9, నైట్రేట్ 58 మిల్లీగ్రాములు వచ్చాయి. కొళాయి చార్జీలు కట్టడం ఆపేయవచ్చా? వినియోగదారుల కోర్టుకు వెళ్తే గీజర్ ఖర్చు వస్తుందా?

జవాబు: చార్జీలు మాత్రం ఆపకండి. ఆపితే కనెక్షన్ తీసేయడానికి, బకాయి కింద వసూలు చేయడానికి మున్సిపాలిటీకి మీరే దారి ఇచ్చినట్టవుతుంది. పైగా డబ్బు కట్టి సేవ పొందుతున్న వినియోగదారుననే మీ వాదన కూడా పలచబడుతుంది. చెల్లించండి. అదే రోజు ‘నీటి నాణ్యతపై అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని కమిషనర్‌కు ఒక లేఖ ఇచ్చి, నకలు మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి.

ఇక మీ రిపోర్టు. మీ బాధ కాఠిన్యం గురించి, కానీ మీ కేసుకు అసలు బలం నైట్రేట్ వరసలో ఉంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం 200 దాకా ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు సహిస్తారు. టీడీఎస్‌కు ఆ రెండు హద్దులు 500, 2000. నైట్రేట్‌కు మాత్రం సడలింపు లేదు. 45 దాటితే దాటినట్టే. కఠిన జలం గిన్నెల్నీ కాయిల్‌నీ పాడుచేస్తుందే తప్ప విషం కాదని మున్సిపాలిటీ వాదించగలదు. నైట్రేట్ విషయంలో ఆ మాట చెల్లదు. పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు ఈ నీళ్లు ప్రమాదకరం. కాచితే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సాఫ్ట్‌నర్ కాఠిన్యాన్నే తగ్గిస్తుంది. నైట్రేట్ తగ్గాలంటే ఆర్వో కావాలి. ఇంట్లో ఆరు నెలల లోపు బిడ్డ ఉంటే కేసు సంగతి తర్వాత, ముందు నీళ్లు మార్చండి.

రెండో బలం, ‘వేరే వనరు లేనప్పుడు’ అన్న షరతు. ఏడాదిన్నర కిందటి వరకు సాగర్ నీళ్లు ఇచ్చిన ఊళ్లో వేరే వనరు లేదని చెప్పడం తేలిక కాదు. ట్యాంకు ఎండిందా, మోటారు పాడైందా, కరెంటు ఖర్చు మిగుల్చుకుందామని బోర్లు తిప్పుతున్నారా అన్నది బయటికి రావాలి. ఐఎస్ 10500 మున్సిపాలిటీల కొళాయి నీటికి దానంతటదే చట్టం కాదని అవతలి వకీలు అంటారు. నిజమే. అయినా నీరు తాగడానికి పనికొస్తుందా లేదా అని తేల్చేటప్పుడు అందరూ పట్టుకునే కొలబద్ద అదే. సురక్షితమైన నీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ రిపోర్టులో ఒక లోపం ఉంది. శాంపిల్ మీరొక్కరే పట్టారు. ‘ఇది మా కొళాయి నీరేనని రుజువేమిటి, సొంత బోరుదేమో’ అన్న ఒక్క ప్రశ్నతో దాన్ని పక్కన పెట్టించగలరు. కాబట్టి మళ్లీ పట్టించండి. తేదీ, సమయం చెప్పి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)ని పంపమని కమిషనర్‌కు ముందుగా రాయండి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వద్దు. మెయిన్ నుంచి నేరుగా వచ్చే కొళాయి దగ్గర రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టాలి. రసాయన పరీక్షకు రెండు లీటర్ల కొత్త క్యాను, అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి. బాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చే స్టెరిలైజ్ చేసిన సీసానే వాడాలి. దాన్ని కడగకూడదు, క్లోరిన్‌ను విరిచే మందు అందులో ముందే వేసి ఉంటుంది. మీ మొదటి రిపోర్టులో ఈ పరీక్ష అసలు లేదు. సీళ్లు వేసి, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల సంతకాలతో పంచనామా రాసి, ఐస్ పెట్టెలో అదే రోజు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు చేర్చండి. ఏఈ రాకపోతే, మీరు పిలిచిన లేఖే మీకు సాక్ష్యం.

దీంతోపాటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పన్నెండు నెలల నీటి పరీక్షల రిపోర్టులు, క్లోరినేషన్ రిజిస్టరు, ఏ తేదీన ఏ వనరు నుంచి పంపింగ్ చేశారన్న లాగ్ పుస్తకం నకళ్లు అడగండి. చాలామందికి తెలియనిదేమంటే, ఆ చట్టం 2(జె) సెక్షన్ కింద పదార్థాల ధ్రువీకరించిన నమూనాలు కూడా తీసుకోవచ్చు. రిజర్వాయరు దగ్గర నీటి నమూనా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ఇక ఎక్కడికి వెళ్లాలి? నా సలహా జిల్లా కేంద్రంలోని శాశ్వత లోక్ అదాలత్. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 22ఏ సెక్షన్‌లో ‘ప్రజలకు నీటి సరఫరా’ అని సూటిగా ఉంది. కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల విలువ వరకు వింటారు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు, అది సివిల్ డిక్రీలా అమలవుతుంది. అప్పీలు ఉండదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. ఒక జాగ్రత్త: ఇదే వివాదాన్ని ముందే వేరే కోర్టుకు తీసుకెళ్లి ఉంటే ఇక్కడ తీసుకోరు. ఇక్కడ వేశాక వేరే కోర్టుకూ వెళ్లలేరు.

మీరన్న వినియోగదారుల కోర్టు, అంటే వినియోగదారుల కమిషన్ కూడా దారే. అయితే మీ రసీదు చూడండి. నీటి పన్ను ఆస్తి పన్నులో కలిపి ఉంటే ‘పన్ను వేరు, సేవకు ప్రతిఫలం వేరు’ అని అడ్డుపడతారు. కొళాయి చార్జీకి విడి రసీదు ఉంటే నిలబడటం సులువు. గడువు రెండేళ్లు, గీజర్‌కు సంబంధించి అది పాడైన రోజు నుంచి లెక్కపెట్టుకోండి.

గీజర్ డబ్బు మీద పెద్ద ఆశ వద్దు. పాత కాయిల్ పారేయకుండా ఉంచండి. సున్నపు పొర వల్లే కాలిందని మెకానిక్ చేత బిల్లు మీదే రాయించండి. నీటి కాఠిన్యం గురించి వారంటీ కార్డులో షరతు ఉందేమో చూడండి. దాన్ని చివరి కోరికగా పెట్టి, అసలు కోరికలు ఇలా అడగండి: సాగర్ నీరు మళ్లీ ఇవ్వాలి, లేదా బోరు నీటిలో కలిపి నైట్రేట్ 45 లోపు ఉంచాలి, అప్పటిదాకా తాగడానికి ట్యాంకర్లు పంపాలి, నెలనెలా పరీక్ష ఫలితాలు వార్డులో అతికించాలి. కలపడం కుదిరే పనే. కాలువ నీటిలో నైట్రేట్ 10 ఉందనుకున్నా సగం సగం కలిపితే మీ 58 కాస్తా 34కు దిగుతుంది.

‘నిధులు లేవు’ అనే జవాబు తప్పకుండా వస్తుంది. దానికి 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ తీర్పు చూపండి. మురుగు కాలువల కేసులో డబ్బు లేదన్న సాకును సుప్రీంకోర్టు అక్కడ ఒప్పుకోలేదు. మీ వీధివాళ్లు పదిమంది కలిసి సంతకాలు పెడితే దరఖాస్తుకు బరువు వస్తుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు.