మీ ప్రశ్న – వాక్యపు జవాబు: ఏది సిలువ, ఏది కాదు?

ప్రశ్న: మా ఆయన తాగొచ్చి కొడతాడు. సంఘ పెద్దలకు చెబితే "అది నీ సిలువ, ఓర్చుకోమ్మా" అన్నారు. పోలీసుల దగ్గరికెళ్తే విశ్వాసం తప్పినట్టా?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: కాదమ్మా. అత్తగారి సూటిపోటి మాటల నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నిటినీ సిలువ అనేయడం మన సంఘాల్లో అలవాటైపోయింది. లూకా 9:23 చూడండి. సిలువను ఎత్తుకునేది శిష్యుడే, తనంతట తాను, యేసును వెంబడించడానికి. దొంగ లెక్క రాయనన్నందుకు ఉద్యోగం పోతే అది సిలువ. తాగిన భర్త వేసే దెబ్బ ఆయన పాపం.

1 పేతురు 3:1 చూపించి లోబడమనే పెద్దలు 7వ వచనం కూడా చదవాలి. భార్యను సన్మానించకపోతే భర్త ప్రార్థనలకే ఆటంకమని అక్కడుంది. పౌలు కూడా దెబ్బలన్నీ మౌనంగా తినలేదు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే రోమా పౌరుడినని చెప్పి ఆపించాడు (అపొ. కా. 22:25).

ప్రాణభయం ఉంటే వెంటనే 112కు ఫోన్ చేయండి. మహిళా హెల్ప్‌లైన్ 181. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొద్ది రోజులు తలదాచుకునే చోటు దొరుకుతాయి. ఆసుపత్రిలో మాత్రం కొట్టింది ఎవరో చెప్పండి. పరువు కోసం "బాత్‌రూంలో జారిపడ్డా" అంటే చీటీలో అదే రాస్తారు, రేపు కోర్టులో అదే మీకు అడ్డొస్తుంది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారిని కలవండి. విడాకులు అడగకుండానే, ఆయన మీ జోలికి రాకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ముందే నమ్మకమైనవాళ్లింట్లో పెట్టండి. క్షమించాలంటారా, దూరంగా ఉండి కూడా క్షమించవచ్చు.

ప్రశ్న: టీబీకి మందులు వాడుతున్నాను. ఉపవాస కూడికలో ప్రార్థన చేశాక దగ్గు పోయింది. మాత్రలు మానేసి సాక్ష్యం చెప్పమంటున్నారు.
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: మానొద్దు. మామూలు టీబీకి కోర్సు 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, కానీ మొండి క్రిములు లోపలే ఉంటాయి. మధ్యలో ఆపితే అవి ఆ మందులకు లొంగని రకంగా తిరగబెట్టవచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటవచ్చు. మందు వాడితే విశ్వాసం లేదనేవాళ్లకు 2 తిమోతి 4:20 చూపించండి. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే పౌలు అతణ్ణి మిలేతు ఊళ్లో విడిచి వచ్చాడు. అతనికి విశ్వాసం తక్కువైందని ఒక్క మాట రాయలేదు. సాక్ష్యం కోర్సు పూర్తయ్యాక, మాత్రల సంగతి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: బాబు పోయాడు. ఆదరణ కూడికలో ఒకరు "ఏ పాపమో వెతుక్కోండి" అన్నారు. ఆ రోజు నుంచి ప్రార్థన రావడం లేదు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పిల్లల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు 7 రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి పాపం లెక్కలు తీసినందుకే చివరికి దేవుని కోపానికి గురయ్యారు (యోబు 42:7).

మాటలు రానప్పుడు 13వ కీర్తన పైకి చదవండి, ఆరే వచనాలు. మొదటి రెండూ "ఎన్నాళ్లు?" అనే నిలదీత, తర్వాతి రెండూ మొర, చివరివి నమ్మిక. నమ్మిక దాకా గొంతు రాకపోతే రెండో వచనం దగ్గరే ఆపేయండి, రేపు మళ్లీ అక్కడి దాకే చదవండి. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, దాన్నీ బైబిల్లో ప్రార్థనగానే ఉంచారు.