అప్పుడే అర్థం కానివ్వకు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివి ఇంకా అందులోంచి బయటికి రాలేదు. అప్పిచ్చే ఆసామి ఏదో జోకు వేస్తాడు. నాన్న అవసరానికి మించి నవ్వుతాడు. గేటు దగ్గర నిలబడ్డ పదకొండేళ్ల కొడుకు అది చూస్తాడు. తిరిగొచ్చేటప్పుడు రోజూలా చెయ్యి పట్టుకోడు, నాలుగడుగులు వెనకే నడుస్తాడు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. వాడి బాల్యం అయిపోయిందని నువ్వెక్కడా అనలేదు, నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాతి పేరా దగ్గరే నా పేచీ. పేదరికం మనిషి ఆత్మాభిమానాన్ని ఎలా నలిపేస్తుందో ఆ రోజే అర్థమైందంటాడు వాడు. పదకొండేళ్లవాడికి ఆ పూట అంత అర్థం కాదు. నాన్న మీద కోపం వస్తుంది, ఎందుకో తెలీదు. ఏదైనా అడిగితే ముక్తసరిగా జవాబిస్తాడు. ఎదిగే వయసు కథలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. అనుభవం పిల్లవాడిది, అవగాహన రచయితది, రెండూ ఒకే నోట పలుకుతాయి.

పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నాడంటే ఆ లెక్క వేరు. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1914లో తెచ్చిన కథల సంపుటి 'డబ్లినర్స్'లో 'ఆరబీ' కథ చూడు. ఇష్టపడ్డ అమ్మాయికి ఏదైనా తెస్తానని మాటిచ్చిన కుర్రాడు ఆలస్యంగా బజారుకు చేరతాడు, ఏమీ కొనకుండా చీకట్లో నిలబడిపోతాడు. చివర్లో తన గురించి చాలా పెద్ద మాటలే అనుకుంటాడు. అయినా చెల్లుతాయి, మొదటి వాక్యం నుంచీ చెబుతున్న గొంతు పెద్దవాడిదే కాబట్టి. నీ కథ మొదట్నుంచీ పిల్లవాడి కళ్లతోనే నడిచి, ఆఖర్న ఉన్నట్టుండి గొంతు మార్చేసింది.

ఆ పేరా తీసెయ్యి. మనసొప్పదని తెలుసు. బహుశా నీకు ముందుగా తట్టిన వాక్యం అదే అయ్యుంటుంది, దాని కోసమే మిగతా కథంతా రాసుంటావు. అయినా సరే.

తీసేసిన చోట ఆ రాత్రి భోజనాలు రాయి. నాన్న ఇంట్లో నవ్వాడా? నవ్వితే, ఏ నవ్వు? పిల్లాడు తలెత్తి చూశాడా? ఇంకొకటి, అమ్మ కథ మొత్తంలో ఒక్క మాటా మాట్లాడలేదు. అది నాకు నచ్చింది, అలాగే ఉంచు. కాకపోతే అప్పు సంగతి ఆమెకు తెలుసో లేదో నువ్వు తేల్చుకోవాలి. తెలిస్తే ఆమె వడ్డించే తీరు ఒకలా ఉంటుంది, తెలీకపోతే ఇంకోలా. తిరగరాశాక పంపు. ఎంత పనిలో ఉన్నా చదువుతాను.

నీ అక్కయ్య