ఆక్సిజన్ సెన్సర్ పట్టేసిందా? సైలెన్సర్ పైపు మార్చే ముందు ఇది చదవండి

చెక్ ఇంజన్ లైటు వెలిగిందని, స్కానర్‌లో పి0135 అనే లోపం కోడ్ చూపించిందని, సైలెన్సర్ పైపులో బిగించి ఉండి పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సర్ విప్పబోతే ఇసుమంతైనా కదల్లేదని, షెడ్డులో పైపుతో సహా మార్చాలంటున్నారని రాశారు. అప్పుడే పైపు దాకా వెళ్లకండి. పోయిన వేసవిలో నాకూ అచ్చం ఇలాగే అయింది. మాది విశాఖ, సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి మా గేటు బందులే నిలవవు, ఇక కారు కింద సైలెన్సర్ సంగతి చెప్పేదేముంది. అయినా సెన్సర్ వచ్చింది, పైపు మిగిలింది.

ముందు అసలు సెన్సరే పోయిందా అన్నది చూసుకోండి. పి0135 అంటే పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కి ముందుండే సెన్సర్‌లో దాన్ని వేడెక్కించే హీటర్ సర్క్యూట్ లోపం. ఫ్యూజు పోయినా, వైరు ఎక్కడో తెగినా అదే కోడ్ వస్తుంది. కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు వైర్లకు మల్టీమీటర్ పెట్టండి. చాలావాటిలో అవే హీటర్ వైర్లు. చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉన్నట్టు. నాది ఏమీ చూపించలేదు, లోపల తెగిపోయింది.

ఇక విప్పడం. సెన్సర్ మీద పానా పట్టే ఆరు పలకల నట్టు 22 మిల్లీమీటర్లు. నేను మొదటి రోజు చేసిన తప్పు డబుల్ ఎండ్ పానా వేసి బలమంతా పెట్టడం. పానా జారి నట్టు ఒక మూల అరిగింది. తర్వాత వైరు దూరడానికి పక్కన చీలిక ఉండే సెన్సర్ సాకెట్ కొని తెచ్చాను. మామూలు సెన్సర్‌కి అది చాలు. గట్టిగా పట్టేసినదానికి మాత్రం ఆ చీలిక దగ్గరే నోరు తెరుచుకుంటుంది, నాకూ అదే జరిగింది. అక్కడితో ఆపేశాను. ఆపడం మంచిదైంది, ఇంకో రెండుసార్లు జారి ఉంటే పట్టుకోవడానికి మూలలే మిగిలేవి కావు.

నిజానికి ఈ సెన్సర్‌ని బిగించేది మామూలుగా 40-50 న్యూటన్ మీటర్లే, అదేమంత బిగువు కాదు. ఏళ్ల తరబడి కాలి చల్లారి, స్క్రూ మరల మధ్య తుప్పు చేరి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. కాబట్టి ఆ పట్టు వదిలించాలి, ఊరికే బలం పెడితే లాభం లేదు.

సాయంత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాక సెన్సర్ మొదట్లో తుప్పు వదిలించే నూనె కొట్టాను. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి, పొద్దున్నే మరోసారి. వేడి పైపు మీద మాత్రం కొట్టకండి, పొగ కమ్మేస్తుంది, మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పొద్దున్న ఆరుబయట పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపాను. వేడికి పైపు మీది గూడు, అంటే సెన్సర్ బిగించే మరల రంధ్రం, కాస్త వ్యాకోచిస్తుంది. తోలు గ్లౌజులు తప్పనిసరి. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టాలి.

కొత్త సెన్సర్ చేతిలో ఉంది, కనెక్టర్ సరిపోతుందని చూసుకున్నాను కనుక పాతదాని వైరు మొదట్లోనే కత్తిరించేశాను. పని తేలిక చేసింది ఇదే. వైరు లేకపోతే రింగ్ పానా పైనుంచి దిగి ఆరు పక్కలా పట్టుకుంటుంది. పానాకి రెండడుగుల ఇనుప పైపు తొడిగి, కుదుపు లేకుండా నిదానంగా లాగాను. ‘టక్’మని ఒక్క శబ్దం. విరిగిందేమోనని గుండె ఆగినంత పనైంది. చూస్తే నట్టు చుట్టూ ఉన్న తుప్పు గీత చీలింది, అంతే.

కదిలింది కదా అని గబగబా తిప్పకండి. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, చల్లారనిచ్చి నూనె వేసి, మళ్లీ పావు చుట్టు. బిగువు పెరుగుతుంటే వెనక్కి వెళ్లడమే. ఇలా అరగంట పట్టింది నాకు. బయటికొచ్చిన సెన్సర్ మరల సందుల్లో ఎర్రటి పొడి దట్టంగా పేరుకుని ఉంది. ఒకే ఊపులో తిప్పి ఉంటే ఆ పొడే పైపు మరలను కొరికేసేది.

ఇంత చేసినా రాకపోతే గ్యాస్ మంటతో గూడుని వేడి చేయించాలి. అది ఇంట్లో వద్దు, పెట్రోల్ గొట్టాలూ వైరింగూ పక్కనే ఉంటాయి. అలవాటున్న వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లండి. మరలు చెడిపోయినా కంగారు పడకండి. 18 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ (మరల మధ్య దూరం) ఉన్న ట్యాప్, అంటే మరలు కోసే పనిముట్టు, తిప్పితే చాలావరకు శుభ్రపడతాయి. మా ఆటోనగర్ లేత్ షాపులో నాకు చేసింది అదే. అదీ కుదరకపోతే గూడు ఒక్కటే కోసి కొత్తది వెల్డింగ్ చేస్తారు, పైపు మొత్తం మార్చనక్కర్లేదు.

కొత్తది బిగించేటప్పుడు మరలకు, అవి పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు ముందే రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే పల్చగా రాయండి, సెన్సర్ మొనకు అంటనివ్వకండి. మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. వైరు అతకడం, కనెక్టర్‌లో గ్రీజు నింపడం చేయకండి. చాలా సెన్సర్లు లోపలికి కావలసిన గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి.

మీ నట్టు మూలలు ఎంతవరకు అరిగాయో దగ్గరగా ఒక ఫోటో పెట్టండి. రింగ్ పానా పడుతుందో లేదో చూసి చెబుతాను. అప్పటిదాకా దాన్ని ఇంకోసారి తిప్పకండి, రోజుకు రెండుసార్లు నూనె మాత్రం వేస్తూ ఉండండి.