బోరు నీళ్లు రంగు మారాయి, మా కమిటీకి రిజిస్ట్రేషన్ లేదు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా చెరువుకి ఎగువన ఉన్న ఫ్యాక్టరీ రాత్రిపూట వాగులోకి వేస్ట్ నీళ్లు వదుల్తోంది, మేం తాగే బోరు నీళ్లు పసుపు రంగులో వస్తున్నాయి. ముప్పై మందిమి కమిటీ పెట్టుకున్నాం, రిజిస్టర్ చేయలేదు. వాళ్లేమో మాకు పర్మిషన్ ఉంది, వాట్సాప్‌లో పెడితే పరువునష్టం కేసు వేస్తాం అంటున్నారు. ధర్నా చేద్దామా?

జవాబు: ధర్నా తర్వాత చూద్దాం, ముందు బాటిల్ సంగతి చెప్తాను. చాలామంది కూల్‌డ్రింక్ బాటిల్‌లో నీళ్లు పట్టుకుని సాక్ష్యం సార్ అని నా టేబుల్ మీద పెడతారు, దాంతో కేసు నిలబడదండీ. 1974 నీటి కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం పొల్యూషన్ బోర్డు వాళ్లే వచ్చి, ఫ్యాక్టరీ వాళ్లకి అక్కడికక్కడే నోటీసిచ్చి, వాళ్ల ఎదురుగా శాంపిల్‌ని రెండు భాగాలు చేసి, సీల్ వేసి, ఇద్దరూ సంతకాలు పెడితేనే ఆ చట్టం కింద రిపోర్టు సాక్ష్యంగా చెల్లుతుంది (ఫ్యాక్టరీ వాళ్లు కావాలని తప్పించుకుంటే శాంపిల్ తీసినాయన సంతకం చాలు). మరి మీరు చేయించే టెస్టు వేస్టా అంటే కాదు, బోర్డుని కదిలించడానికి అదే ఆయుధం. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్లి వాళ్లిచ్చిన బాటిల్స్‌లోనే పట్టండి, రిజల్ట్‌ని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు (వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు), నైట్రేట్ 45 దాటకూడదు. ఆ కాగితం జతచేసి బోర్డుకి కంప్లైంట్ రాసి, సెక్షన్ 21 ప్రకారం శాంపిల్ తీయండి అని అందులోనే అడగండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా మాత్రం బయటికి రావద్దు.

పర్మిషన్ ఉందంటే ఏ షరతులతో ఉందో చూడాలి కదా. బోర్డు దగ్గర ఆ షరతుల రిజిస్టర్ ఉంటుంది, ఆ మురుగు వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఎవరైనా వెళ్లి చూడొచ్చని సెక్షన్ 25(6)లోనే ఉంది, ఇది లాయర్లలో కూడా చాలామందికి తెలియదు. చూపించకపోతే ఆర్‌టీఐ పెట్టండి.

రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ వద్దు, నీళ్లు తాగుతున్న ఇద్దరు ముగ్గురు సొంత పేర్లతో గ్రీన్ ట్రిబ్యునల్‌కి (పర్యావరణ కేసులు చూసే ప్రత్యేక కోర్టు) వెళ్లొచ్చు, మన రెండు రాష్ట్రాలకీ బెంచ్ చెన్నైలో ఉంది. కానీ ఆ ఇద్దరు ముగ్గురినీ చూసి ఎంచుకోండి. శుభ్రమైన నీళ్లు జీవించే హక్కులో భాగం అని అందరం కోట్ చేసే సుభాష్ కుమార్ తీర్పు (1991) ఉంది చూశారా, అందులో పిటిషన్ వేసినాయన ఓడిపోయాడు! సొంత కక్షతో వేశాడని కోర్టు కొట్టేసి ఖర్చులు కూడా కట్టమంది. మీ కమిటీలో ఆ ఫ్యాక్టరీతో స్థలం గొడవో కాంట్రాక్టు గొడవో ఉన్నాయన ఉంటే సంతకం ఆయనది వద్దు, ఇంకొకరిది పెట్టండి.

దగ్గరి దారి ఇంకోటుంది, ఆర్డీవో దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద పబ్లిక్ న్యూసెన్స్ పిటిషన్. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కాలువల గురించి పాత సీఆర్‌పీసీ 133 కింద ఇలాగే వెళ్తే, డబ్బుల్లేవన్న మున్సిపాలిటీ సాకుని 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఎస్‌లు సరిగ్గా లెక్కపెట్టుకోండి, ఒక ఎస్ తగ్గి బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152 అయిందంటే అది దేశ సార్వభౌమత్వం మీద నేరం, ఒక డ్రాఫ్ట్‌లో అలా చూసి నాకు నవ్వాగలేదు.

పరువునష్టం బెదిరింపు సంగతి. సంబంధిత అధికారికి నిజాయితీగా ఇచ్చిన ఫిర్యాదుకి బీఎన్‌ఎస్ 356లోనే మినహాయింపు ఉంది, వాట్సాప్ గ్రూపుకి ఆ మినహాయింపు వర్తించదు. అందుకే గ్రూపులో 'మనకి విషం పోస్తున్నారు' అని రాయకండి, 'ఫలానా తేదీ రాత్రి 11కి పైపు లోంచి నురగ నీళ్లు వాగులోకి రావడం చూశాం' అని రాసి వీడియో పెట్టండి, ఒరిజినల్ వీడియో ఫోన్‌లోంచి డిలీట్ చేయకండి.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు, రంగు మొదటిసారి ఎప్పుడు మారింది? ట్రిబ్యునల్‌కి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వెళ్లాలంటే సమస్య మొదటిసారి వచ్చిన రోజు నుంచి ఆరు నెలలే గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. నష్టపరిహారం అడిగితే ఐదేళ్ల దాకా టైముంది గానీ ఫ్యాక్టరీని ఆపమనడానికి అంత టైం లేదు. ఇవాళే ఆ బోరు నీళ్లు వాడే ఇళ్లన్నీ తిరిగి ఎవరికి ఏ రోజు గుర్తుందో కనుక్కుని, తేదీలు రాసి సంతకాలు తీసుకోండి.